రోడ్డు వైపు కిటికీ

జనగామ, సెప్టెంబరు 2011

అన్నా, బాపు ఆపరేషన్ కుట్లు మానాయి, నువ్వు పరేషాన్ కాకు. రైళ్ల చప్పుడుకు ఆయనకు నిద్ర పట్టడం లేదని, నువ్వు చెప్పినట్టే చప్పుడు ఆపే రెండద్దాల కిటికీలకు అద్దాల పని చేసే ఖదీర్ భాయిని పిలిచాను. ఎంత పనిమంతుడో! మన పాత గోడలు వంకరని ప్రతి కిటికీనీ పైన, నడుమ, కింద కొలిచి, అన్నిటికన్నా తక్కువ కొలతే రాసుకున్నాడు. నిన్న బిగించాడు. పట్టాల వైపుది మూశాక గూడ్సు బండి పోయినా తెలియలేదు. రోడ్డు వైపుది మూయగానే మాత్రం బాపు లేచి కూర్చున్నాడు.

"ఏందే జమునా, జై తెలంగాణ ఆగింది? సమ్మె బంద్ జేసిన్రా?"

అరవైతొమ్మిదిలో లాఠీదెబ్బలు తిన్న మనిషి కదా, ముఖం పాలిపోయింది. ఖదీర్ భాయి వెంటనే కిటికీ తెరిచాడు. ఊరేగింపు మన గడప ముందే ఉంది.

"ఆగలే బాపూ, నేనే మూసిన," అన్నాడు ఖదీర్ భాయి. నేను చెప్పకముందే ఆ అద్దాలు విప్పి, పాత తలుపులే మళ్లీ బిగించాడు.

భూపాలపల్లి గనుల్లో సమ్మె ఎట్లా ఉంది? బాపు మఫ్లర్ మీ ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరైనా వస్తే పంపు. వదినకు నమస్కారం, పిల్లలకు ముద్దులు.

రైలు కూతకు ఉలిక్కిపడే మనిషి, ఇప్పుడు నినాదాల నడుమ గురక పెడుతున్నాడు.

నీ చెల్లె,
జమున