నీ సాకు, నా సాకు

కడప,
12-3-1956.

చిరంజీవి భీమక్కకు ప్రేమమ్మ దీవించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. ఎండలు ముదిరినా ఆసుపత్రి బావిలో ఇంకా నీళ్లున్నాయి. అక్కడ కోడుమూరు పక్కన నువ్వూ, నీ గొర్రెలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ జాబు నీకు చదివి వినిపించే లక్ష్మీదేవమ్మ టీచరు గారికి నా నమస్కారాలు.

నీ జాబు అందింది. నాలుగుసార్లు చదువుకున్నాను. మీ అన్న ఉరుకుందు మళ్లీ మారుమనువు మాట ఎత్తాడనీ, పోయిన నీ పెనిమిటి మగ్గాన్ని విప్పి అమ్మేస్తానంటున్నాడనీ రాయించావు. సిస్టరమ్మా, నీకాడికే వచ్చేస్తా, తెల్లకోక కట్టుకుంటా, మీ దేవున్నే మొక్కుతా, నువ్వెట్ల చెప్తే అట్ల ఉంటా అన్నావు. ఎంత సంతోషపడ్డానో అంత భయపడ్డాను. ఎందుకో చెప్తాను, తొందరపడకుండా విను.

పోయిన ఏడాది మీ అన్న నిన్ను మా మిషను ఆసుపత్రిలో దించిపోయిన రోజు గుర్తుందా? అప్పటికి నీ మొగుడు పోయి ఆర్నెల్లు. నోట మాట లేదు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించి, అదీ కుదరక తెచ్చాడు. మాట తెప్పిచ్చండమ్మా, మనువు చేయల్ల అన్నాడు. దిగులుతో నోరు మూసుకున్నవాళ్ల పక్కన కూర్చోవడమే గదా నా ఉద్యోగం. నీ చేతికున్న ఉరుకుంద ఈరన్న స్వామి దారం తెంపేయమని ఇక్కడ ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది ఆమె దారం, మన మందుకేం అడ్డమొచ్చింది అని కసిరాను. అంతవరకు నేను తెలివిగలదాన్నే.

కొన్నాళ్లకు నీ నోట ఒక్కటే మాట వచ్చేది. సాకు. గంజి తాగిస్తే సాకు. తల దువ్వితే సాకు. మా కడపలో సాకడమంటే పెంచడం. పాపం, తల్లిలేని పిల్ల, నన్ను సాకు అని అడుగుతోందనుకునేదాన్ని. ఇంకో గరిటె పోసేదాన్ని. అల్లిన జడ విప్పి మళ్లీ అల్లేదాన్ని. నువ్వు గోడకేసి తిరిగితే సిగ్గనుకున్నాను.

మా వంటాయన దావీదురాజు నీ పుట్టింటి పక్కవాడే, ఆలూరులో పెరిగినవాడు. అమ్మా, ఆ యమ్మ సాలు సాలు అని మొత్తుకుంటాంటే నువ్వు పోస్తానే ఉండావే, మా పక్క సాకంటే సాలని గదా అన్నాడు. మీ ఆలూరు ఆంధ్ర రాష్ట్రంలో కలిసి రెండేళ్లు దాటింది గానీ, ఆ కన్నడపు మాట మా కడపదాకా రాలేదు మరి. ఆ పూటే గరిటె కింద పెట్టి, ఏమి సాకు భీమక్కా అని అడిగాను. అన్నాళ్లకు నేను నిన్ను అడిగిన మొదటి ప్రశ్న అది, సిగ్గుచేటు. అప్పుడు నోరు విప్పావు. మనువు సాకు, ఏడ్చేది సాకు, ఒకరు నన్ను సాకేది సాకు, పోయిన ఆయప్ప మగ్గంలో నేనే కూకోని కంబళ్లు నేస్తా అన్నావు.

ఆడది మగ్గం గుంతలో దిగేదేంది అని, నిన్ను తీసుకుపోను వచ్చిన మీ అన్న గంతులేశాడు. నాకూ వింతగానే ఉండింది, అబద్ధమెందుకు. నీకు నర్సు పని నేర్పిద్దామని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. నీ కాళ్లు దిగాలనుకుంటున్నది ఆ గుంతలోకేనని తెలిసి ఆ లెక్కలు పక్కన పెట్టాను.

అందుకే, ఇప్పుడు రావద్దు తల్లీ. మగ్గం నీ మొగుడిది, నీది. అమ్మడానికి మీ అన్నెవరు? నాకు చెప్పిన ఆ ఒక్క మాటే అతని ముఖాన చెప్పు. ముందు ఒక కంబళి నెయ్యి. దాన్ని భుజాన వేసుకుని చుట్టంగా రా, పదిరోజులుండు. మా దేవుడి దగ్గరికైనా నీకై నువ్వు రావాలి గానీ, సిస్టరమ్మ తల దువ్విందనే మొహమాటంతో కాదు.

ఇట్లు,
నీ మేలు కోరే
ప్రేమమ్మ.

తా.క.: టీచరు గారూ, ఇది కూడా చదవండి, దాచొద్దు. భీమక్కా, ఆ పూటే గరిటె కింద పెట్టానని పైన రాసింది అబద్ధం. దావీదురాజు ఆ మాట చెప్పింది నువ్వొచ్చిన పదోనాడు. నేను గరిటె దించింది నలభయ్యోనాడు. మధ్యలో నెలరోజులూ నీకు చాలు అని తెలిసే పోశాను. పిల్లలు లేనిదాన్ని. నన్ను సాకు అని రోజూ ఒకరు అడుగుతున్నట్టు వినబడితే వదులుకోలేకపోయాను. నీ మాట అర్థం కాలేదన్నది నేను చెప్పుకున్న సాకు. వంకను కూడా మేం సాకనే అంటాంలే. ఇప్పుడు నువ్వొచ్చి ఉండిపోతే మళ్లీ అదే చేస్తాను. చుట్టంగా వచ్చినప్పుడు నేను రెండో గరిటె ఎత్తానో, ఆ మాట గట్టిగా అను. ఈసారి మొదటిసారికే వింటాను.