అమ్మమ్మ దాటిన సరిహద్దు

పండూ,

నేను యూనివర్సిటీకి వెళ్తున్నాను. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇంట్లో నువ్వే ఉండాలి. అమ్మమ్మకు అన్నం పెట్టాక మాత్ర వెయ్యి. ఎంత బతిమాలినా వీధి తలుపు గడియ తియ్యకు. ఈ ఒక్కరోజుకైనా ఆ ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టు తల్లీ, అన్నీ నా నెత్తినే పడుతున్నాయి.

సోషియాలజీలో నాకిచ్చిన అంశం, యుద్ధాలప్పుడు సరిహద్దులు దాటి వచ్చిన కుటుంబాలు. నిన్న హాల్లో కూర్చుని అంతర్జాతీయ సంబంధాల పుస్తకం పైకి చదువుతుంటే, అమ్మమ్మ వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మెల్లిగా చదవవే, కాపలావాళ్ళు వింటారు," అంది.

నవ్వేశాను. "ఏ కాపలావాళ్ళు అమ్మమ్మా? నువ్వు ఈ ఊరు దాటి ఎప్పుడెళ్ళావని?"

"సరిహద్దు అవతలి నుంచే కదే వచ్చాం. మీ అమ్మ నా కొంగు పట్టుకుని నడిచింది. చిన్నది చంకలో ఉంది. ఏడుస్తుంటే నోరు మూశాను. ఇవతలికొచ్చాక చెయ్యి తీశాను. మళ్ళీ ఏడవలేదు."

పండూ, ఇది నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. అమ్మకు ఓ చెల్లెలుందని మనకెవరూ చెప్పనేలేదు. పొద్దున అమ్మను అడిగాను. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. "నాకు గుర్తుందని మీ అమ్మమ్మతో అనకు," అని మాత్రం అంది.

నువ్వూ అనకు.

అక్క

ఇంకో మాట. అమ్మమ్మ ఒళ్ళో నా శాలువా చుట్టిన దిండు ఉంటుంది. లాక్కోకు. దాని మీద అరచెయ్యి అదిమిపెట్టి కూర్చుంటే, ఆ చెయ్యి మెల్లిగా తీసి నీ చేతిలో పెట్టుకో.