రేడియేటర్‌లో చిల్లు

అన్నయ్యా, కారు స్టార్ట్ చెయ్యకు. రేడియేటర్‌కి చిల్లు పడింది, కూలెంట్ మొత్తం కారిపోయింది. బోరు నీళ్లు పోసి లాగించేద్దామనుకోకు. మన బోరువి ఉప్పునీళ్లు, లోపలంతా తుప్పు పట్టేస్తుంది. మెకానిక్‌ని ఇంటికే రమ్మన్నాను, పదకొండుకి వస్తాడు.

ఇంజిన్ బానే ఉంది. ఆయిల్లో నీళ్లు కలవలేదు, తెల్లపొగ రాలేదు. ఆదివారం సామర్లకోట దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకగానే నేను ఆపేశాను కాబట్టి బతికింది. నా రైలు పోయింది, ఇంటర్వ్యూ పోయింది, అది వేరే సంగతి. నువ్వు మాత్రం చుట్టాలందరి ముందూ "స్పోర్ట్స్ కారు ఆడపిల్ల చేతికిస్తే ఇంతేనండి" అన్నావు. నాన్నగారు ఇంక నన్ను కారు ముట్టుకోవద్దన్నారు.

పిఠాపురంలో పూజ చేయించి కారు ముందు జాలీకి నాన్నగారి పేరుతో ఇత్తడి ప్లేటు బిగించావు కదా, పొద్దున్న అది విప్పాను. దాని స్క్రూ వేలెడంత పొడుగుంది. గతుకు పడ్డప్పుడల్లా వెనక్కెళ్లి రేడియేటర్‌ని పొడిచింది. మొన మీద కూలెంట్ పచ్చరంగు ఇంకా ఉంది. రెండూ డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. నాన్నగారు భోజనానికి వచ్చాక నువ్వే చెప్పు. నేను బస్సుకి వెళ్తున్నాను.

పావని

మెకానిక్ ఇంజిన్ ఆన్ చేసి చూస్తాడు. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు, పోయినసారి కాలిన మచ్చే ఇంకా పోలేదు నీకు.

చిల్లు ఎవరు పెట్టారని నాన్నగారడిగితే ప్లేటు చూపించు. "సత్తిరాజు గారబ్బాయి" అని దాని మీదే రాసుంది.