అల్లుడి బండికి సర్దుబాటు

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మకు నస్రత్ సలాములు. ఇక్కడ నేను బాగున్నాను. మీ అల్లుడి సంగతి కింద రాస్తాను. వేటపాలెంలో నువ్వూ, అన్నయ్యా, వదినా బాగున్నారని తలుస్తాను. పక్కింటి రంజాన్ చేత పంపిన ఉత్తరమూ, జీడిపప్పూ అందాయి. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేంటని విసుక్కోకు. నేను ఫోన్ చేస్తే చాలు, వదిన స్పీకర్ పెట్టేస్తుంది. ఇది చదివాక పొయ్యిలో పడెయ్.

మణికట్టు ఇంకా నొప్పిగా ఉందా అని అడిగావు. లేదు, చపాతీ పిండి కూడా పిసుకుతున్నాను. ఆడదానికి మోటారుసైకిళ్ల గొడవేంటని మళ్లీ రాశావు. ఆ గొడవే మాకు అన్నం పెడుతోందమ్మా. స్పానర్లు పట్టేది ఆయన, బండికి లాప్‌టాప్ తగిలించి ట్యూన్ చేసేది నేను. ఇంజను ఎంత తిరిగితే ఎంత పెట్రోలు పడాలో, స్పార్కు ఎప్పుడు కొట్టాలో గళ్లుగళ్లుగా అంకెలుంటాయి. దాన్నే మ్యాప్ అంటారు. ఆ గళ్లు చూస్తే ఆయనకు తలనొప్పి. షాపు బోర్డు మీద మాత్రం హయాత్ అని ఆయన పేరే.

"సర్దుకుపోతున్నావా తల్లీ?" అని ఈసారీ అడిగావు. వానాకాలంలో ఆయన నా చెయ్యి మెలితిప్పి విరిచినప్పుడూ ఆ మాటే రాశావు. చదివి ఒళ్లు మండిపోయింది. నువ్వసలు కన్నతల్లివేనా అనుకున్నాను. తర్వాత లాప్‌టాప్ తెరిచి, నువ్వు చెప్పినట్టే సర్దాను.

ఆయన బండి తెలుసుగా, పెళ్లాం కంటే ముద్దు. దాని మ్యాప్‌లో పై గళ్లలో, అంటే బాగా వేగం మీద పనిచేసేవాటిలో, పెట్రోలు కోసేశాను. మర్నాడు అమరావతి రోడ్డులో స్నేహితుల ముందు గొప్పగా యాక్సిలేటర్ తిప్పితే బండి దగ్గింది. "ఏరా హయాత్, మేకనెక్కావా?" అని సాల్మన్ అందరిముందూ నవ్వాడట. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. నేను రెండోసారి కూర వేసుకుని తిన్నాను.

అప్పట్నుంచీ అదే పద్ధతి. కొడితే బండి నీరసపడుతుంది, బుద్ధిగా ఉంటే కాస్త కోలుకుంటుంది. ప్లగ్గు మార్చాడు, ఇంజెక్టర్ కడిగించాడు, పెట్రోలు బంకువాడితో తగువేసుకున్నాడు, చివరికి దర్గాలో తాయెత్తు తెచ్చి హ్యాండిల్‌కి కట్టాడు. "ఒకసారి నువ్వు చూడవే" అంటాడు. "చూశానండీ, మ్యాప్ బాగానే ఉంది" అంటాను. నమ్ముతాడు.

కొట్టడం మానేశాడా అని అడిగావు. మానేశాడమ్మా. మిరపకోతలు మొదలైనప్పటి నుంచీ చెయ్యెత్తలేదు. ఎవరి ముందుకీ వెళ్లడు, గట్టిగా మాట్లాడడు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను, తిట్టినా సరే. పోయిన వారం ఆయన నన్నేమీ అనలేదు. పొద్దున్నే లేచి టీ పెట్టిచ్చాడు. "చక్కెర సరిపోయిందా నస్రత్?" అని బిక్కుబిక్కుమంటూ నా మొహంలోకి చూశాడు. ఆ చూపు చూస్తే నాకెంత హాయిగా ఉందో! ఇంకాస్త చూడాలనిపించింది. టీ తాగి, వెళ్లి మామూలు వేగానికి పనిచేసే మధ్య గళ్లలో కూడా పెట్రోలు కోసేశాను.

ఆరోజే చిలకలూరిపేట రోడ్డులో పత్తి లారీని దాటబోతుంటే బండి ఆగిపోయింది. పడ్డాడు. లారీ వెనక చక్రం కుడిపాదం మీదుగా పోయింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

నిన్న ఇంటికి తెచ్చాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అది నన్ను చంపేస్తుంది నస్రత్, అమ్మేద్దామే" అన్నాడు. జాలేసిందమ్మా, నిజంగా వేసింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"అమ్మడమెందుకండీ? మీ కట్టు విప్పేలోగా నేను బాగుచేసి పెడతాగా" అన్నాను.

కళ్లు తుడుచుకుని సరేనన్నాడు. ఇకమీదట ఆ బండి మీద నేను తప్ప ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇట్లు,
నీ చిన్నకూతురు
నస్రత్