యాటను ఎవరైనా అడిగారా?

మట్టెవాడ, వరంగల్
2-9-1978

హసన్‌పర్తి వెలుగుబాట తపాలా బైబిలు పాఠశాల పరీక్షాధికారి గారికి, మట్టెవాడ కిరాణం వెంకట్రాజం నమస్కరించి రాయునది.

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. దుకాణంలో గిరాకీ ఉంది, కలంలో సిరా లేదు, పైగా అడగబోయేది నాకు సంబంధం లేని దేవుడి సంగతి. ఇంతలో వాన పట్టి గిరాకీ ఆగింది. పక్కింటి సారంగపాణి తన కలం ఇక్కడ మరిచిపోయి వెళ్ళాడు. సరే, రాయమనే కాబోలు అనుకున్నాను.

ముందు నిజం చెప్పాలి. పేపర్లో 'పాఠాలు ఉచితం' అని చూసి మీ బడిలో చేరింది జ్ఞానం కోసం కాదు. మీ కాగితం దళసరిగా ఉంటుంది, పొట్లాలకు బాగుంటుంది. నా చదువంతా అట్లాగే వచ్చింది లెండి. నాలుగో తరగతి దాటలేదు. పాత పేపర్లు, పంచాంగాలు, ఒక హోమియోపతి పుస్తకంలో సగం, అన్నీ పొట్లం కట్టేముందు చదివినవే. ఆ పుస్తకం రెండో సగం లవంగాలతో ఎవరింటికో పోయింది. అందుకే నాకు జబ్బుల పేర్లన్నీ వస్తాయి, మందుల పేర్లు రావు.

మీ మూడో పాఠం బెల్లానికి చింపబోతూ చదివాను. తప్పు చేయని ఒకాయన, తప్పు చేసిన అందరి బదులూ చచ్చిపోయాడని ఉంది. పదో ప్రశ్న: 'దీనివల్ల నీకేమి అర్థమైనది?' నా జవాబు: అర్థం కాలేదు. ఆయనను ఎవరైనా అడిగారా?

ఎందుకంటే మా ఇంట్లో అదే పంచాయితీ నడుస్తోంది. ఎండాకాలంలో నాకు పేగు జారితే దవాఖానలో కోశారు. నేను మత్తులో ఉండగా మా ఇంటామె సావిత్రి, నేను బతికి బయటపడితే మైసమ్మకు యాటను కోస్తానని మొక్కింది. బతికాను. మేకపోతును కొన్నాం. కోసేముందు దాని మీద పసుపునీళ్ళు చల్లి, చేతులు కట్టుకుని నిలబడడం మా పద్ధతి. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. విదిలించకపోతే కత్తి లేదు. మాది విదిలించలేదు. రెండు బిందెలు పోశాం. నెమరేస్తూ నిలబడింది.

నా పేగుకు దాని మెడ ఎందుకు అన్న అనుమానం నాకూ ఉంది. కాని కనీసం మేము దాన్ని అడిగాం. ఆయనను అడిగారో లేదో కార్డు ముక్క మీద రాస్తే చాలు.

ఇట్లు, 
యాటతో సహా క్షేమంగా ఉన్న (అదే వచ్చిన చిక్కు) 
వెంకట్రాజం

తా.క.: వచ్చే పాఠాలు కొంచెం పెద్ద కాగితం మీద అచ్చు వేయించగలరా? చింతపండు నిలవడం లేదు.

*

హసన్‌పర్తి
11-9-1978

ప్రియ విద్యార్థి వెంకట్రాజం గారికి శాంతి కలుగును గాక.

మీ మూడవ పాఠపు జవాబు పత్రము అందినది. పదికి నాలుగు మార్కులు. ప్రశ్నకు జవాబుగా మరియొక ప్రశ్న వ్రాయుట మా నియమములకు విరుద్ధము.

అయినను చెప్పుచున్నాను. ఆయన ఒప్పుకొనకుండ ఏమియు జరుగలేదు. పట్టుబడిన రాత్రి ఆయన ఒక తోటలో ఒంటరిగా ప్రార్థించెను. ఈ బాధ తప్పునేమో చూడుమని తండ్రిని వేడుకొనెను. ఒళ్ళంతయు చెమట పట్టెను. చివరకు తానే ఒప్పుకొని లేచి వెళ్ళెను.

'నా పేగుకు దాని మెడ ఎందుకు' అను మీ వాక్యమును మా కమిటీలో చదివి వినిపించితిని. ఇది పశ్చాత్తాపముతో నలిగిన హృదయమని అందరును అభిప్రాయపడిరి. బాప్తిస్మమునకు ఏ తేదీ అనుకూలమో తెలుపగలరు.

మీ శ్రేయోభిలాషి, 
దేవసహాయం, పరీక్షాధికారి

తా.క.: మా కార్యదర్శి భార్య మొన్న మీ వాడలో కందిపప్పు కొనగా, మా రెండవ పాఠములో కట్టి ఇచ్చిరట. అందులో జవాబులు నింపియున్నవి. ఒకటి సరిగానే ఉన్నది. ఆ మార్కు కలిపితిని.

*

మట్టెవాడ
25-10-1978

దేవసహాయం పంతులు గారికి, మార్కు కలిపినందుకు దండం పెట్టి వెంకట్రాజం రాయునది.

బాప్తిస్మమని నీళ్ళలో ముంచే సంగతికి తొందర వద్దు. కుట్లు తడపొద్దని డాక్టరు నెల రోజులకే చెప్పాడు. సావిత్రి మాత్రం ఎప్పటికీ తడపొద్దంటోంది. డాక్టరు మాటకు గడువు ఉంటుంది, ఆమె మాటకు ఉండదు.

తోట సంగతి పాఠంలోనే వేయొద్దా? అంటే ఆయన ఒళ్ళు విదిలించాడన్నమాట! ఒప్పుకుని పోయాడు. అంతవరకు నాకు తృప్తి. ఇంకొక అనుమానం మిగిలింది. ఎవరి కోసం చచ్చాడో వాళ్ళనైనా అడిగారా? నా కోసం చావమని నేనైతే ఆ యాటను అడగలేదు. అడగని బాకీ మోయడం చచ్చేంత బరువు.

మొన్న ఆదివారం దాన్ని మళ్ళీ మైసమ్మ దగ్గరికి తీసుకుపోయాం. నీళ్ళు చల్లాం. కదల్లేదు. పూజ చేసే సోమక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవ్వలో తప్పు జేసి దాసుకున్నరు. నోరిప్పేదాక గిది కదలది" అంది.

అందరూ నా దిక్కు చూశారు. "నన్నెందుకు జూస్తాన్రుల్లా, నేను మత్తుల ఉంటిని గదా" అన్నాను.

ముందు మా కోడలు పద్మ ఏడ్చేసింది. "అత్తమ్మా, నీ ఇత్తడి చెంబు దొంగలు వట్కపోలే. నేనే మా అమ్మగారింటికి పంపిన."

యాట కదల్లేదు.

తరువాత మా తమ్ముడు యాకయ్య. "అన్నా, దవాఖానల నీ కాడ పండుకుంటున్ననని చెప్పి సీన్మకు పోయిన."

"ఏం సీన్మ?" అన్నాడు సారంగపాణి.

"గది ఇప్పుడు అవుసరమానే?" అన్నాడు యాకయ్య.

యాట కదల్లేదు. సోమక్క ఇంకో చెంబు పోసింది. సారంగపాణి తన మెడలో దండ తీసి దాని కొమ్ములకు వేసి, "తల్లీ, గోడ వెట్టేటప్పుడు జానెడు ఎంకట్రాజం దిక్కు జరిపిన. నన్నేమనకు" అన్నాడు. యాట ఆ దండ తినేసింది.

ఇప్పుడు అత్తాకోడళ్ళకు మాటల్లేవు. నాకూ సారంగపాణికీ మధ్య గోడ ఉంది, దాని మీద కొలిచే టేపు ఉంది. మీ ఆయన ఒప్పుకున్నాడు గనుక అందరి తప్పులూ కడుక్కుపోయాయి. మా యాట ఒప్పుకోలేదు గనుక అందరివీ బయటపడ్డాయి. ఏది న్యాయమో పెద్దలు మీరే చెప్పాలి.

నవ్వులాట పక్కన పెడితే, సావిత్రి మొక్కు తీరేదాకా అన్నం ముట్టనని జొన్న గట్క తాగుతోంది. సగమైంది. నేను నిద్రపోతే నా ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. "ఒక పానం బోవాలె. గది వోనంటాంది. ఇగ ఎవ్వలిది బోతదో నాకెర్కే" అంటుంది. పేగు జారినప్పుడు కూడా నాకింత భయం వేయలేదు.

ఇట్లు, 
బతికి చిక్కుల్లో పడిన 
వెంకట్రాజం

తా.క.: ఆ సినిమా కథ యాకయ్యతో పూర్తిగా చెప్పించుకున్నాను. దానికోసమా నన్ను వదిలిపోయాడని ఇప్పుడు కోపం ఇంకా ఎక్కువైంది.

*

హసన్‌పర్తి
10-11-1978

ప్రియ సహోదరుడు వెంకట్రాజం గారికి శాంతి.

ఈ ఉత్తరము కమిటీకి చూపలేదు. నేను చిన్నప్పుడు టైఫాయిడ్‌తో పడియున్నప్పుడు మా అమ్మ కూడ అట్లే ముక్కు క్రింద వేలు పెట్టి చూచెడిది. మీ ఇంటివారికి చెప్పండి: ఒక ప్రాణమునకు మరియొక ప్రాణమను లెక్క ఒక్కసారే, అందరి పక్షముగ తీరిపోయినది. ఇక ఏ మేకతోను పని లేదు.

పూర్వకాలమున యూదులకు అట్టి ఆచారము ఉండెడిది. రెండు మేకలు తెచ్చి ఒకదానిని వధించెడివారు. రెండవదాని తల మీద యాజకుడు చేతులుంచి, ప్రజల దోషములన్నియు ఒప్పుకొని, దానిని ప్రాణముతో అరణ్యములోనికి తోలివేయించెడివాడు. అది ఆ దోషములను మోసికొనిపోవును. <u>ఇది చరిత్ర తెలియుట కొరకు మాత్రమే.</u>

మీ సహోదరుడు, 
దేవసహాయం

తా.క.: గీత గీసిన వాక్యమును దయచేసి మరల చదువగలరు.

*

మట్టెవాడ
12-12-1978

దేవసహాయం పంతులు గారికి కోటి దండాలు.

ఆ రెండో మేక సంగతి మొదటి పాఠంలోనే చెప్పి ఉంటే మాకు ఇన్ని బిందెల నీళ్ళు మిగిలేవి. గీత గీసిన వాక్యం రెండుసార్లు చదివాను. చరిత్ర తెలిసింది. వెంటనే పని మొదలుపెట్టాం.

మీరు రాసినట్టే తల మీద చేతులు పెట్టాం. యాజకుడు దొరకలేదు గనుక ఎవరిది వాళ్ళే చెప్పుకున్నారు. వాడకట్టంతా వరుస కట్టింది. సారంగపాణి చాలాసేపు పట్టించాడు, గోడ ఒక్కటే కాదన్నమాట. యాకయ్య రెండుసార్లు వచ్చాడు. నా వంతు వచ్చింది. చేతులు పెట్టాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "నువ్వు ఊకో, నేను జెప్త" అని సావిత్రి నా పక్కన నిలబడి మొదలుపెట్టింది. వరుసలో వెనకవాళ్ళు కొందరు ఇళ్ళకు పోయి తిని వచ్చారు.

ఇక అరణ్యం. మట్టెవాడలో అరణ్యం ఎక్కడుంది? నర్సంపేట దిక్కు అడివి ఉందని యాకయ్య దాన్ని బస్సెక్కించబోయాడు. కండక్టరు, "మ్యాకకు లగేజీ టిక్కెట్టు గొడ్త" అన్నాడు. మా వాడు నోరు ఊరుకోక, దాని మీద వాడకట్టు పాపాలున్నాయని చెప్పాడు. "గియన్ని గూడ ఎక్కియ్యనీకి నాకు పర్మిషన్ లేదు, దిగు దిగు" అని విజిలేశాడు. చివరికి సైకిలు మీద మీ హసన్‌పర్తికే తెచ్చి, చెరువు అవతల తుమ్మపొదల్లో వదిలి వచ్చాడు.

సావిత్రికి ఇంకా నమ్మకం కుదరలేదు. "గది ఆడ బతికే ఉండె గదా, పానం బోయినట్టెట్ల?" అంటోంది. గట్క మానలేదు. దీనికి మీ పుస్తకాల్లో ఏముందో చూసి రాయగలరు.

ఇట్లు, 
బరువు దింపుకున్న 
వెంకట్రాజం

తా.క.: నల్ల మేకపోతు, ఎడమ చెవి కోసి ఉంటుంది. కనబడితే మేత వేయకండి. మరుగుతుంది.

*

హసన్‌పర్తి
29-12-1978

వెంకట్రాజం గారికి,

క్రిస్మస్ కార్డుల కట్టలో చిక్కుకొని మీ ఉత్తరము నిన్న నా చేతికి వచ్చినది. ఆలస్యమైనది. చాల ఆలస్యమైనది.

పండుగకు ముందు మా కాంపౌండులోనికి ఒక నల్ల మేకపోతు వచ్చి మందారములన్నియు తినెను. మా వాచ్‌మన్ మొగిలయ్య చుట్టుప్రక్కల విచారించితినని చెప్పెను. ఎవరును రాలేదు. ఇది దేవుడే పంపెనని కమిటీ తీర్మానించెను. ఆరాధన తరువాత బిర్యానీ వండిరి. సంఘమంతయు తినెను.

మీ ఉత్తరము చదివి పరుగెత్తి మొగిలయ్యను అడిగితిని: "దాని ఎడమ చెవి ఎట్లుండెను?" అతడు, "సారూ, నేను మసాల జూసిన గని చెవులు జూస్తనా?" అనెను.

కాని నాకు సందేహము లేదు. పండుగ మరునాటి నుండి మా కార్యదర్శికిని కోశాధికారికిని మాటలు లేవు. ఎందుకనుకొన్నారు? క్వార్టర్ల మధ్య గోడ! జానెడు! మా పాటల బృందములో ఒక అమ్మ ఏడ్చుచు వచ్చి, చర్చి ఇత్తడి పళ్ళెము తన పుట్టింట ఉన్నదని చెప్పెను. మొగిలయ్య కావలి విడిచి సినిమాకు పోయెడివాడట. అచ్చముగ అవే! మీ వాడకట్టు పాపములన్నియు ముక్క పోకుండ మాకు చేరినవి.

మేము మీకేమి అపకారము చేసితిమి? మమ్ములను ఎవరైనా అడిగిరా? ఎవరి తప్పులో ఎవరో మోయుట ఏమి న్యాయము?

దేవసహాయం

తా.క.: నేను రెండుసార్లు వడ్డించుకొంటిని. మీ ఇంటివారు మీ గురించి చెప్పినవి ఏవేవో తెలిపినయెడల కొంచెము జాగ్రత్తపడెదను.

*

మట్టెవాడ
5-1-1979

దేవసహాయం పంతులు గారికి, మీ కడుపు చల్లగా ఉండాలని కోరుతూ వెంకట్రాజం రాయునది.

భయపడకండి. మీరు తిన్నది మా యాట కాదు. మాది పండుగకు వారం ముందే తిరిగి వచ్చింది. తెల్లారి దుకాణం తలుపు తీస్తే మెట్ల మీద పడుకుని ఉంది. కాలు వాచింది, ఎడమ చెవి కోసే ఉంది. వెంటనే రాద్దామనుకున్నాను కాని, అరణ్యానికి పంపింది వాపసు వచ్చిందంటే మీరు మార్కులు కోస్తారేమోనని ఊరుకున్నాను. తప్పు నాదే.

కాబట్టి ఆ గోడ మీ కార్యదర్శిదే. ఇత్తడి పళ్ళెం కూడా మీ పాటల అమ్మదే. మా పాపాలు మా దగ్గరే భద్రంగా ఉన్నాయి, రోజూ పచ్చగడ్డి వేస్తున్నాం. మీవి మీకు మొదటినుంచీ ఉన్నట్టున్నాయి.

అడగకుండా మోయించడం ఏమి న్యాయమని రాశారు. నేను మూడో పాఠానికి ఇదే రాస్తే నాలుగు మార్కులు వేశారు. దయచేసి దిద్దగలరు.

ఆ పొద్దున సావిత్రి దాని ముందు చాలాసేపు నిలబడింది. కత్తి తెమ్మంటుందేమోనని నా భయం. చివరికి కాలికి పసుపు పట్టువేస్తూ, "దీనికి సావ బుద్ధి లేదు. నీకు లేదు. ఇగ ఇద్దరు ఉండుండ్రి. మైసమ్మకు నేను జెప్పుకుంట తియ్" అంది. ఏం చెప్పుకుందో తెలియదు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. గుమ్మడికాయ కొట్టి వచ్చి, అన్నం పెట్టుకుని తిన్నది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె తినడం చూశాను. 'పోయి దుకాణం జూసుకో' అనేదాకా చూశాను. రాత్రిపూట ఇంకా లేస్తోంది. ముందు యాట ముక్కు కింద వేలు పెట్టి, తర్వాత నా దగ్గరికి వస్తోంది.

మీ ఆయన ఒప్పుకుని పోయాడన్నారు, అది పెద్ద గుండె. కాదనను. ఒప్పుకోని వాళ్ళ గతి ఏమిటో కూడా ఏదో ఒక పాఠంలో వేయించండి. అది నేను పొట్లం కట్టను.

ఇట్లు, 
మీ విద్యార్థి 
వెంకట్రాజం

తా.క.: నిన్న మొగిలమ్మ అనే ముసలామె దుకాణానికి వచ్చింది. మీ హసన్‌పర్తి ఆమే. పండుగ ముందు ఆమె నల్ల మేకపోతు పోయిందట. అట్లాంటిదొకటి రోడ్డు వెంట మట్టెవాడ దిక్కు నడిచిపోయిందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. మా యాటను చూసి, ఇది కాదంది. మీ అడ్రసు రాసిచ్చాను. పావుకిలో చక్కెర కట్టించుకుని, తొమ్మిది గంటల బస్సుకు పోయింది.