నీ జబ్బు గురించి మాట్లాడాను

రవీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దుటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. నాంపల్లిలోని మా కాలేజీలో కుర్ర డాక్టర్లం శనివారాల్లో కూడి, ఇంకా తేలని పరిశోధనల గురించి చెప్పుకుంటాం. ఇవాళ నా వంతు. మాట్లాడే ముందు అబిడ్స్ పోస్టాఫీసు దాకా నడిచి వెనక్కి వచ్చాను.

నువ్వు వేయించుకున్న కుక్కకాటు ఇంజెక్షన్లలో గొర్రె మెదడు పదార్థం ఉంటుంది. దానితో పోరాడబోయి కొందరి శరీరం తన నరాలనే శత్రువులనుకుంటుందేమో, అందుకే కాళ్లు పడిపోతాయేమో అన్నాను. అమ్మ ఇప్పటికీ నిన్ను కరిచిన ఆ కుక్కనే తిడుతోంది.

"జర ఆగున్రి డాక్టరమ్మా," అన్నాడు తోటి డాక్టరు యాదగిరి. "ఎవరికి గిట్లయితదో ముందుగాల్నే తెలుస్తదా?"

"ఇంకా తెలియదండీ."

"మరి గిదే ఎందుకు పట్టుకున్నరు?"

"మా తమ్ముడు ఇలాగే పోయాడు."

యాదగిరి లేచాడు. "మా వార్డుల ఆ ఇంజెక్షన్లకు గిట్లనే కాళ్లు పడిపోయిన ఒకామె ఉన్నది. రాన్రి, చూద్దాం."

ఆమె మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక ఆమె కాలి బొటనవేలు కదిలింది. నర్సును పిలవబోతే నోటికి నీ పేరే వచ్చింది.

అక్క