ముందు అన్నం తిను

నాయనా,

నువ్వు ఉత్తరాలు పంచిన మన ఊరి పోస్టాఫీసును ఈ రోజు మూసేశారు. ఇప్పుడు అందరికీ సెల్‌ఫోన్లే కదా. గోడకున్న ఎర్ర డబ్బాను ఊడబెరుకుతుంటే చూడటానికి ఎదురింటి మునెమ్మత్త కూడా వచ్చింది.

చావు కబురు వస్తే, విన్నాక ముద్ద దిగదని, నువ్వు కార్డును సంచిలోనే ఉంచి, "ముందు అన్నం తినక్కా, ఆమీద సదివిపెడతా" అనేవాడివి. తడ ఊళ్లో అత్త తమ్ముడు పోయినప్పుడూ అంతే.

"ఆ మాట ఇనంగానే నాకు తెలిసిపాయ. అయినా మీ నాయన ఎదురుగా కూసోనుండాడని తిన్నా," అంది అత్త.

నువ్వు తిరుపతి ఆసుపత్రిలో పోయిన రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో ఆమే ఉంది. కంచంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

నేనూ ఏమీ అడక్కుండా తిన్నాను, నాయనా.